స్టార్ ట్రెక్, స్టార్ వార్స్ అభిమానుల మీద తీసిన డాక్యుమెంటరీలు చూసినవాళ్లు ఉన్నారా?

పాతరీలు
శుక్రవారం, రాత్రి 10.12

ఈ నెలంతా ఒక వింత పనిలో పడ్డాను. సైన్స్ ఫిక్షన్ సినిమాలు పక్కనపెట్టి, ఆ సినిమాలంటే ప్రాణం పెట్టే అభిమానుల మీద తీసిన డాక్యుమెంటరీలు వెతికి వెతికి చూస్తున్నా. ఇంట్లో ఇప్పటికే నన్ను అనుమానంగా చూస్తున్నారు.

మొదట చూసింది స్టార్ ట్రెక్ సీరియల్ అభిమానుల మీద తీసిన ‘ట్రెక్కీస్’. 1997 నాటిది, రోజర్ నైగార్డ్ తీశాడు. అభిమానుల దగ్గరికి వెళ్లి మాట్లాడించేది డెనీస్ క్రాస్బీ. స్టార్ ట్రెక్ ‘నెక్స్ట్ జనరేషన్’ సీరియల్ చూసినవాళ్లకు ఆవిడ గుర్తుండే ఉంటుంది, మొదటి సీజన్ పూర్తికాకుండానే చచ్చిపోయే టాషా యార్. పాత్ర పోయి తొమ్మిదేళ్లయినా అభిమానులు ఆవిడను ఇంటి ఆడపడుచులా చూస్తారు. అందుకే బయటివాళ్లకు చెప్పుకోని మాటలు కూడా ఆవిడ ముందు చెప్పేశారేమో అనిపించింది.

అందులో ఫ్లోరిడాలో ఒక పళ్ల డాక్టరు ఉంటాడు. క్లినిక్ మొత్తాన్ని అంతరిక్ష నౌకలా మార్చేశాడు. స్టాఫ్ అంతా యూనిఫాంలోనే. ఇంకోచోట ఆ కథల్లోని గ్రహాంతరవాసుల భాష, క్లింగాన్, మాట్లాడేవాళ్లు. అది మార్క్ ఓక్రాండ్ అనే భాషా శాస్త్రవేత్త 1984 స్టార్ ట్రెక్ సినిమా కోసం వ్యాకరణంతో సహా తయారుచేసిన భాష. ఇదంతా చూసి బాగానే నవ్వుకున్నా.

తర్వాత జేమ్స్ డూహన్ వస్తాడు, పాత స్టార్ ట్రెక్‌లో స్కాటీ వేషం వేసినాయన. చచ్చిపోవాలనుకుంటున్నానని ఒక అమ్మాయి ఆయనకు ఉత్తరం రాసిందట. ఆయన ఫోన్ చేసి, ఫలానా ఊళ్లో అభిమానుల కన్వెన్షన్ ఉంది, నేనొస్తున్నా, నువ్వూ రావాలి అన్నాడట. వచ్చింది. మళ్లీ ఇంకో ఊరికి రమ్మన్నాడు. అలా చాలాసార్లు పిలిపించుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయి జాడలేదు. కొన్నేళ్లకు ఉత్తరం వచ్చింది, ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ పూర్తిచేశానని. అది చెబుతూ పెద్దాయన గొంతు పూడుకుపోయింది. అంతసేపూ నవ్విన నాకు ఎలాగో అయిపోయింది.

అడగాలనుకున్నది ఇదే. ఈ సినిమాలు అభిమానులను చూపించి మనల్ని నవ్విస్తున్నాయా, వాళ్ల పక్కన మనల్ని కూర్చోబెడుతున్నాయా? మీరేం చూశారు?


చిక్కడపల్లి_శీను
శుక్రవారం, రాత్రి 10.31

పళ్ల డాక్టరు అంటేనే నాకు టెన్షన్. పైగా ఆయన అంతరిక్షం డ్రస్సులో డ్రిల్లర్ పట్టుకుని వస్తే కుర్చీలోంచి దూకేస్తా.

సీరియస్‌గా చెప్పాలంటే, పనీపాటా లేనివాళ్ల మీద కెమెరా పెడితే సినిమా దానంతటదే వస్తుంది. అదే సినిమాలో కదా జ్యూరీ డ్యూటీకి స్టార్ ట్రెక్ యూనిఫాం వేసుకొచ్చిన ఆవిడ ఉండేది? కోర్టువాళ్లు చూసి చూసి బయటికి పంపేశారు. మంచి పని చేశారు.


వకీలు_గుంటూరు
శుక్రవారం, రాత్రి 11.05

శీనుగారూ, అందరూ అలాగే చెప్పుకుంటారు గానీ జరిగింది అది కాదు. 1996, అర్కాన్సాలోని లిటిల్ రాక్. వైట్‌వాటర్ కేసు, అంటే క్లింటన్ పాత వ్యాపార భాగస్వాములూ ఆ రాష్ట్ర గవర్నరూ ముద్దాయిలుగా ఉన్న కేసు. ఆవిడ ప్రత్యామ్నాయ జ్యూరర్. యూనిఫాం వేసుకొచ్చినందుకు తీసెయ్యలేదు, అలాగే రోజుల తరబడి కూర్చుంది. తీసేసింది టీవీవాళ్లతో మాట్లాడినందుకు. జ్యూరీ సభ్యులు బయట నోరు విప్పకూడదని జడ్జి ఆదేశం. మాట్లాడింది కేసు గురించి కాదు, స్టార్ ట్రెక్ గురించి. అయినా ఆదేశం ఆదేశమే.

ఇంకో సంగతి. ఆవిడ పనీపాటా లేని మనిషి కాదు. ప్రింటింగ్ షాపులో ఉద్యోగం. అక్కడివాళ్లు ఆవిడను కమాండర్ అని పిలుస్తారు, డాక్యుమెంటరీలోనే ఉంది. నల్లకోటు వేసుకుని నలభై మూడు డిగ్రీల ఎండలో కోర్టుకు తిరిగే మాలాంటివాళ్లం ఆవిడ యూనిఫాం చూసి నవ్వితే బాగోదు.


చిక్కడపల్లి_శీను
శుక్రవారం, రాత్రి 11.09

ఆఖరి వాక్యానికి నేను సరెండర్ సార్.


రెండోఆట
శనివారం, ఉదయం 7.20

క్యూల మీద వచ్చిన రెండు డాక్యుమెంటరీలు ఎవరూ చెప్పలేదేంటి? ‘స్టార్‌వాయిడ్స్’, ‘ఎ గెలాక్సీ ఫార్ ఫార్ అవే’. రెండూ 2001లో వచ్చినవే, రెండూ స్టార్ వార్స్ సినిమా ‘ఫాంటమ్ మెనేస్’ టికెట్ల కోసం పడిగాపులు కాసినవాళ్ల మీదే.

అప్పటి పరిస్థితి ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. 1983 తర్వాత స్టార్ వార్స్ సినిమా రాలేదు. 1998 నవంబరులో కొత్త సినిమా ట్రైలర్ వేరే సినిమాల ముందు వేస్తే, జనం ఆ సినిమాలకు టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి, ట్రైలర్ చూసి, అసలు సినిమా మొదలవగానే లేచి వచ్చేశారు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో చైనీస్ థియేటర్ ముందు 1999 ఏప్రిల్ 7న లైను మొదలుపెట్టారు. సినిమా విడుదల మే 19. అంటే 42 రోజులు ఫుట్‌పాత్ మీదే. మన బెనిఫిట్ షోకి ముందురాత్రి కాపుకాయడం దీని ముందు ఏపాటి!

అయితే వాళ్లు ఊరికే కూర్చోలేదు. జబ్బుపడిన పిల్లలకు సాయంచేసే ఒక సంస్థకు ఆ లైను పేరు మీద విరాళాలు పోగుచేశారు. వంతులవారీగా ఎవరెన్ని గంటలు కూర్చున్నారో లెక్క రాసుకున్నారు. ఎక్కువ గంటలు కూర్చున్నవాళ్లకు ముందు చోటు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు లేనంత క్రమశిక్షణ.

మళ్లీ 2005లో ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ కోసం అదే చైనీస్ థియేటర్ ముందు లైను కట్టారు. తీరాచూస్తే సినిమా అక్కడ విడుదలే కావడంలేదు. వేరే థియేటర్‌కి ఇచ్చారు. ఆ సంగతి తెలిశాక కూడా వాళ్లు వెంటనే లేవలేదు! సినిమా చూడటం కాదు, ఆ లైన్లో కలిసి కూర్చోవడమే వాళ్లకు పండగ అని నాకు అప్పుడే అర్థమైంది.


గోదారోడు
శనివారం, ఉదయం 8.02

రాని సినిమా కోసం లైన్లో నిలబడటం! మా ఊళ్లో రీలు రాకపోతే థియేటర్ కుర్చీలు ఉండేవి కావు.


డల్లాస్_పద్మ
శనివారం, ఉదయం 9.47

ఇక్కడ రాత్రి, పిల్లలు పడుకున్నారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

అభిమాని అనగానే కళ్లద్దాలు పెట్టుకున్న మగపిల్లాడే అందరికీ గుర్తొస్తాడు. స్టార్ ట్రెక్ విషయంలో అసలు కథ వేరు. రెండో సీజన్ తర్వాత ఆ సీరియల్ ఆపేస్తారన్న మాట వినగానే 1968లో ఉత్తరాల ఉద్యమం నడిపింది బీజో ట్రింబుల్ అనే ఆవిడ, వాళ్లాయనతో కలిసి. మూడో సీజన్ వచ్చింది. మూడు సీజన్లు కాబట్టే పునఃప్రసారాలకు సరిపడా ఎపిసోడ్లు మిగిలాయి, వాటివల్లే కొత్త అభిమానులు పుట్టారు, వాళ్లను చూసే 1979లో మొదటి సినిమా తీశారు. ఆ సినిమాల వరస వెనకాల గృహిణులు రాసిన ఉత్తరాలు చాలా ఉన్నాయన్నమాట. 1976లో నాసా మొదటి షటిల్‌కి ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించింది కూడా అభిమానుల ఉత్తరాలే.

‘ట్రెక్కీస్’లో ఆడవాళ్లు బాగానే కనిపిస్తారు, అది మెచ్చుకోవాలి. కానీ డేటా అనే పాత్ర వేసిన బ్రెంట్ స్పైనర్ అంటే పడిచచ్చే ఆవిడను చూపించిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ కెమెరా నవ్వింది. పాతరీలు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు అదే. ఒకే సినిమాలో పది నిమిషాలు పక్కన కూర్చుంటుంది, రెండు నిమిషాలు వెక్కిరిస్తుంది.

2022లో అనాహైమ్‌లో జరిగిన స్టార్ వార్స్ సెలబ్రేషన్‌కి మా పెద్దాణ్ణి తీసుకెళ్లా. తెల్ల కవచాలు తొడుక్కున్న స్టార్మ్‌ట్రూపర్లు, అంటే సినిమాలో విలన్ సైనికుల వేషాలవాళ్లు, వరసగా నిలబడి ఉంటే మావాడు భయపడి నా వెనక్కి దూరాడు. అందులో ఒకాయన ముసుగు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూస్తే అరవై ఏళ్ల తాతగారు! చెమటతో తడిసిపోయి ఉన్నాడు. మావాడికి ఒక స్టిక్కర్ ఇచ్చి మళ్లీ ముసుగు తగిలించుకున్నాడు. వాళ్లంతా 501వ లీజియన్ అనే అభిమాన సంఘంవాళ్లు.


పాతరీలు
శనివారం, ఉదయం 10.15

పద్మగారూ, ఆ లీజియన్ కథ ఇంకొంచెం చెప్పండి. పేరు వినడమే గానీ పుట్టుపూర్వోత్తరాలు తెలియవు.


డల్లాస్_పద్మ
శనివారం, ఉదయం 10.58

దక్షిణ కరోలినాలో ఆల్బిన్ జాన్సన్ అనే ఆయన 1997లో మొదలుపెట్టారు. అంతకుముందు ప్రమాదంలో ఆయన ఒక కాలు పోయింది. స్టార్మ్‌ట్రూపర్ కవచం తొడుక్కుంటే ఎవరి కాలు ఎలాంటిదో ఎవరికీ కనబడదు కదా. విలన్ల వేషాలే వేస్తారు, ఆస్పత్రుల్లో పిల్లల దగ్గరికి వెళతారు, విరాళాలు పోగుచేస్తారు. ఇప్పుడు ప్రపంచమంతా శాఖలున్నాయి.

జాన్సన్ గారి పాప కేటీకి మెదడులో కణితి వచ్చింది. తనకు కాపలాగా స్టార్ వార్స్‌లోని ఆర్‌టూ లాంటి రోబో కావాలంది. రోబోలు ఇళ్లలో తయారుచేసుకునే అభిమానుల బృందం ఇంకొకటి ఉంది, వాళ్లలో ఒకాయన తన రోబోకు గులాబీ రంగు వేసి పాప దగ్గరికి పంపారు. పాప 2005లో పోయింది. ఆ తర్వాత పాప పేరు మీద పూర్తిచేసిన గులాబీ రోబో, ఆర్‌టూ కేటీ, ఇప్పటికీ పిల్లల ఆస్పత్రులకు తిరుగుతూనే ఉంది. 2015 స్టార్ వార్స్ సినిమాలో కూడా ఒక షాట్‌లో కనిపిస్తుంది. మొదటిసారి ఆ గులాబీ రంగు చూసి బొమ్మల కంపెనీ వాళ్ల పని అనుకున్నా నేను.

‘మాండలోరియన్’ అనే స్టార్ వార్స్ సీరియల్ మొదటి సీజన్‌లో కవచాలు సరిపోకపోతే ఈ లీజియన్ వాళ్లనే, వాళ్ల సొంత కవచాలతో, షూటింగ్‌కి పిలిచారు. పిలుస్తున్నది దేనికో వాళ్లకు ముందు చెప్పలేదట.


నెగటివ్‌కట్
శనివారం, మధ్యాహ్నం 1.34

అందరూ ప్రేమ గురించి రాస్తున్నారు, నేను కోపం గురించి రాస్తా. ‘ద పీపుల్ వర్సెస్ జార్జ్ లూకస్’, 2010. అలెగ్జాండర్ ఫిలిప్ తీశాడు. ఈ రకం డాక్యుమెంటరీల్లో నా లెక్కలో మొదటి స్థానం దీనిదే. ఎందుకంటే ఇందులో అభిమానులు వస్తువు కాదు, వాదులు. వాళ్లే తీసిన వీడియోలు, వాళ్లే వేసిన బొమ్మలు, వాళ్లే కట్టిన పాటలు పంపించారు, వాటితో సినిమా అల్లాడు.

కేసు ఏంటంటే, 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాను, దాన్ని తీసిన లూకస్ 1997లో మార్చి విడుదల చేశాడు. పాత సినిమాలో హోటల్ బల్ల దగ్గర హీరోల్లో ఒకడైన హాన్ సోలో కిందనుంచి పిస్తోలు పేల్చి, తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను చంపేస్తాడు. అంతే, అవతలివాడికి అవకాశమే లేదు. 1997లో గ్రీడో ముందు కాల్చి గురి తప్పినట్టు మార్చారు. 2004 డీవీడీలో దాదాపు ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు. 2019లో గ్రీడో నోట ‘మక్లంకీ’ అని కొత్త మాట పెట్టారు! రెండు సెకన్ల సీను మీద ఇరవై ఏళ్ల కురుక్షేత్రం.

గొడవ మార్చినందుకు కాదు. మార్చుకో, నీ సినిమా నీ ఇష్టం. కానీ పాతది కూడా ఉంచు. ఆయన ఉంచలేదు. 2006లో మాత్రం పాత లేజర్‌డిస్క్ కోసం చేసిన కాపీని డీవీడీలో అదనపు డిస్కుగా పడేశారు, పచ్చళ్లు కొంటే స్పూను ఇచ్చినట్టు. చివరికి అభిమానులే పాత 35 ఎంఎం ప్రింట్లు సంపాదించి, స్కాన్ చేసి, ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసుకున్నారు.

ఇంకో తమాషా. 1988లో ఇదే లూకస్ అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి, పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులద్దేవాళ్లను ఆటవికులతో పోల్చి సాక్ష్యం చెప్పాడు. డాక్యుమెంటరీ ఆ సాక్ష్యాన్ని ఆయన మీదే తిప్పికొడుతుంది.

మనకు ‘మాయాబజార్’ ఉంది కదా. 2010లో రంగుల్లో వచ్చింది. నచ్చినవాళ్లు చూశారు, నచ్చనివాళ్లు ముఖం చిట్లించారు. కానీ 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’ను ఎవరూ దాచెయ్యలేదు. ఈరోజు కూడా హాయిగా చూడొచ్చు. దాచేసి ఉంటే? ఎస్వీ రంగారావు లడ్డూలు మింగే సీను మార్చి, పాత ప్రింటు ఎక్కడా దొరక్కుండా చేసి ఉంటే? ఇక్కడున్న సగంమంది రోడ్డెక్కేవాళ్లం, నాతో సహా.


గోదారోడు
శనివారం, మధ్యాహ్నం 2.11

నెగటివ్‌కట్ అన్నా, ఇక్కడే నాకు తేడా తెలిసింది. మన దగ్గర అభిమానం మనిషి మీద. హీరో ఏ కథ చేసినా వెళ్తాం, డైరెక్టరు ఎవరైనా పర్లేదు. రజినీకాంత్ అభిమానుల మీద ‘ఫర్ ద లవ్ ఆఫ్ ఎ మ్యాన్’ అని 2015లో డాక్యుమెంటరీ వచ్చింది, వెనిస్‌లో కూడా వేశారు. అందులో అప్పులు చేసి బ్యానర్లు కట్టినవాళ్లున్నారు. ఎవరూ రజినీ మీద కేసు పెట్టరు! సినిమా పోతే తప్పు డైరెక్టరుది, కథది, పంపిణీదారుడిది, ఆఖరికి వర్షానిది.

స్టార్ వార్స్ వాళ్లకు అభిమానం ఆ లోకం మీద. దాన్ని పుట్టించినవాడే దానికి శత్రువు అనుకునేంత అభిమానం. దేవుడి గుడి కోసం దేవుడితోనే పోట్లాడటం లాంటిది.


నెగటివ్‌కట్
శనివారం, మధ్యాహ్నం 2.20

బాగా చెప్పావు తమ్ముడూ. ఒక్కటి కలుపుతా. వాళ్లు పోట్లాడి ఊరుకోలేదు, పనిలోకి దిగారు. ‘ఫాంటమ్ మెనేస్’ నచ్చక ఒక ఎడిటర్ ఇంట్లో కూర్చుని దాదాపు 20 నిమిషాలు కోసి ‘ఫాంటమ్ ఎడిట్’ అని వదిలాడు. ఇంకోచోట మొదటి సినిమాను 15 సెకన్ల ముక్కలుగా కోసి ప్రపంచంలో ఎవరికి నచ్చిన ముక్క వాళ్లను తీసి పంపమన్నారు. అట్టపెట్టెలతో, కుక్కపిల్లలతో, బొమ్మలతో తీసిన ముక్కలన్నీ అతికిస్తే ‘స్టార్ వార్స్ అన్‌కట్’ అయింది. 2010లో ఎమ్మీ ఇచ్చారు దానికి.


సంగీత్_టాకీస్
శనివారం, సాయంత్రం 6.40

సికింద్రాబాద్ సంగీత్‌లో ఇంగ్లిష్ సినిమాలు చూసి పెరిగినవాణ్ణి, అందుకే ఆ పేరు. మీరంతా తెర ముందున్న అభిమానుల గురించి రాశారు. నేను తెరలో ఉండి కూడా కనబడనివాళ్ల గురించి చెబుతా.

‘ఎల్‌స్ట్రీ 1976’, జాన్ స్పైరా తీశాడు, 2015. లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో మొదటి స్టార్ వార్స్ తీసినప్పుడు ముసుగుల్లో, గుంపుల్లో ఉన్న జూనియర్ ఆర్టిస్టుల కథ. రోజుకూలీకి వచ్చారు, వేషం వేశారు, ఇంటికెళ్లారు. ఇరవై ఏళ్ల తర్వాత ప్రపంచం వాళ్ల సంతకాలు అడగడం మొదలుపెట్టింది. తలుపుకు తల కొట్టుకునే స్టార్మ్‌ట్రూపర్ తనేనని చెప్పుకునే ఆయన కూడా ఉంటాడు. ఆ పొరపాటు షాట్‌ను లూకస్ తీసెయ్యలేదు సరికదా, 2004లో దానికి టంగుమనే చప్పుడు కూడా కలిపాడు. సంతకాల బల్ల దగ్గర మళ్లీ కులాలు! టైటిల్స్‌లో పేరున్నవాడు పేరులేనివాణ్ణి పక్క కుర్చీలో కూర్చోనివ్వడు. అది చూస్తే మన కృష్ణానగర్ గుర్తొచ్చింది.

అందులోనే డేవిడ్ ప్రౌజ్ ఉన్నాడు. స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్ శరీరం ఆయనది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. మనకు ఇది కొత్త కాదు. రాజశేఖర్‌ను చూస్తూ సాయికుమార్ గొంతు విని చప్పట్లు కొట్టినవాళ్లమే. కాకపోతే మనవాళ్లకు రెండు పేర్లూ తెలుసు, ఇద్దరికీ గౌరవం ఉంది. పైగా రాజశేఖర్ ముఖమైనా కనబడింది. ప్రౌజ్‌కి అదీ లేదు. ముసుగు తీసే సీనులో ముఖం వేరే నటుడిది. ఆయన మీదే స్పెయిన్‌లో టోనీ బెస్టార్డ్ అనే దర్శకుడు ‘ఐ యామ్ యువర్ ఫాదర్’ అని వేరే డాక్యుమెంటరీ తీశాడు, అదే ఏడాది. రెండూ ఒకే రాత్రి చూడకండి, నిద్రపట్టదు.


లావణ్య_ఫ్రేమ్స్
శనివారం, రాత్రి 8.25

ఒక మాట చెబితే ఎవరూ కోప్పడకండి. ఈ డాక్యుమెంటరీలన్నీ చూశాక అభిమానులు అమాయకులు అనిపిస్తుంది. అంతేనా? ‘ఫాంటమ్ మెనేస్’లో జార్ జార్ వేషం వేసిన అహ్మద్ బెస్ట్‌ను ఎంత వేధించారంటే, ఒక దశలో ప్రాణం తీసుకోవాలనుకున్నానని ఆయనే 2018లో రాశాడు. అదే ఏడాది కొత్త స్టార్ వార్స్ సినిమాలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ ఇన్‌స్టాగ్రామ్ మొత్తం ఖాళీ చేసి వెళ్లిపోయింది, జాతి గురించి, రూపం గురించి వచ్చిన తిట్లు తట్టుకోలేక. డూహన్ ఒక అమ్మాయిని చావునుంచి లాగాడు, సరే. ఇంకో సినిమా అభిమానులు ఒక నటుణ్ణి అటువైపు నెట్టారు. రెండూ ఒకే పిచ్చి కదా? ‘పీపుల్ వర్సెస్’లో జార్ జార్ మీద జోకులు వచ్చినప్పుడు నేను నవ్వలేకపోయా.


నెగటివ్‌కట్
శనివారం, రాత్రి 8.52

లావణ్యగారూ, నిజమే. ఆ జోకుల దగ్గర నేను పగలబడి నవ్వాను. లూకస్ మీద కోపం ఉన్నవాడు లూకస్‌ను అనాలి, జీతానికి వేషం వేసినవాణ్ణి కాదు. 2010లో ఆ తేడా నాకూ తట్టలేదు, సినిమా తీసినవాళ్లకూ తట్టినట్టు లేదు. నా మొదటి స్థానం మాట ఇంకా వెనక్కి తీసుకోను గానీ, మళ్లీ ఒకసారి చూస్తా.


జెడైబాబు
శనివారం, రాత్రి 9.03

కొత్త మూడు సినిమాలు చెత్త, డిస్నీవాళ్లు కొన్న రోజే అంతా అయిపోయింది, అసలు రే పాత్రకి


నిర్వాహకుడు
శనివారం, రాత్రి 9.06

జెడైబాబు గారూ, దానికి వేరే చర్చ ఉంది, 214 పేజీలు నడుస్తోంది. అక్కడ పోట్లాడుకోండి. ఇక్కడ డాక్యుమెంటరీలే.


పాతరీలు
ఆదివారం, ఉదయం 11.30

అందరికీ థాంక్స్. రాత్రి ‘ఎల్‌స్ట్రీ’ చూశా, సంగీత్_టాకీస్ చెప్పినట్టే నిద్రపట్టలేదు.

నా ప్రశ్నకు నాకు కొంచెం జవాబు దొరికింది. వేషం వేసుకున్నప్పుడే చూపించి కట్ చేస్తే నవ్వొస్తుంది. వేషం తీసి, మడతపెట్టి, మర్నాడు ఆఫీసుకు వెళ్లేదాకా కెమెరా ఆగితే నవ్వు రాదు. ‘ట్రెక్కీస్’లో పద్నాలుగేళ్ల కుర్రాడొకడు ఉంటాడు, గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు, చూసినవాళ్లంతా వాణ్ణి ఏడిపించారు. వాడు పెద్దయ్యాక గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ‘స్టార్ ట్రెక్ ఎంటర్‌ప్రైజ్’ సీరియల్‌కే పనిచేశాడు. 2004లో వచ్చిన ‘ట్రెక్కీస్ 2’లో వాణ్ణి మళ్లీ కలుస్తారని విన్నా, అది ఇంకా చూడలేదు.


చిక్కడపల్లి_శీను
ఆదివారం, రాత్రి 9.48

ఒప్పుకుంటున్నా, ‘ట్రెక్కీస్’ చూశాను. వెక్కిరిద్దామనే కూర్చున్నా. పళ్ల డాక్టరు దగ్గర మా ఆవిడ వచ్చి ఎవరండీ వీళ్లు అంది. చెప్పాను. బీరువా మీద ‘ఆదిత్య 369’ క్యాసెట్ ఉంది, వీసీఆర్ పోయి పదిహేనేళ్లయింది, మొన్న ఏప్రిల్‌లో రీరిలీజ్‌కి సెలవు పెట్టి వెళ్లారు, అయినా ఆ క్యాసెట్ తుడిచి తుడిచి పెడతారు, మరి మీరెవరు అంది.

‘ట్రెక్కీస్ 2’ ఎవరి దగ్గరైనా ఉందా?


సంగీత్_టాకీస్
ఆదివారం, రాత్రి 10.02

డీవీడీ ఉంది శీనన్నా. ప్లేయర్ ఉందా మరి?


చిక్కడపల్లి_శీను
ఆదివారం, రాత్రి 10.04

లేదు. ప్లేయర్‌తో సహా పట్టుకురా, బిర్యానీ నాది.